సెల్లార్ తవ్వకం: మట్టి కూలకుండా ఏం చేయాలి? పక్కింటివాళ్లు ఏం గమనించాలి?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ లేస్తోందంటే ముందు మొదలయ్యేది సెల్లార్ తవ్వకమే. పార్కింగ్ కోసం ఒక్కో అంతస్తు కిందికి దిగితే లోతు సుమారు మూడు మీటర్లు పెరుగుతుంది. గుంత అంచున పక్కింటి ప్రహరీ, అడుగున కూలీలు. మట్టి జారితే ఇద్దరికీ ముప్పే.

మట్టి ఎందుకు జారుతుంది?

నగరంలో చాలాచోట్ల పైన పూడిక మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్ రాయి ఉంటాయి. ఎండాకాలంలో మొరం గోడలా నిటారుగా నిలబడుతుంది. అది చూసి ‘ఏం కాదులే’ అనుకుంటారు. వాన నీరో, పగిలిన డ్రైనేజీ పైపు నీరో లోపలికి దిగితే అదే మొరం పెళ్లలుగా విరిగిపడుతుంది. అంచున ఆపిన టిప్పర్ల బరువు, రాయి పగలగొట్టేటప్పటి అదురు దీనికి తోడవుతాయి. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నరకు పైనే బరువుంటుంది. ఛాతీ దాకా కూరుకుపోతే తల పైకే ఉన్నా ఊపిరాడక ప్రాణం పోవచ్చు.

షోరింగ్ అంటే?

మట్టి జారకుండా పెట్టే ఆసరాయే షోరింగ్. జాగా ఉంటే ఏటవాలుగా, మెట్లు మెట్లుగా తవ్వితే సరిపోవచ్చు. ఇరుకు ప్లాట్లలో తవ్వకానికి ముందే అంచు వెంబడి కాంక్రీట్ లేదా ఇనుప స్తంభాలు దించి, మధ్య ఖాళీలను పలకలతో మూస్తారు. మరో పద్ధతి సాయిల్ నెయిలింగ్. కొంచెం కొంచెంగా తవ్వుతూ మట్టిలోకి ఇనుప కడ్డీలు దించి, సిమెంట్ పాలు నింపి, పైన జాలీ పరిచి కాంక్రీట్ చల్లుతారు. నీరు బయటికి పోయేందుకు పైపులు వదులుతారు. కడ్డీలు పక్క స్థలం కిందికి వెళ్లేట్టయితే ఆ ఇంటివాళ్లను ముందే అడగాలి. రిటైనింగ్ వాల్ పూర్తయ్యేదాకా ఈ ఆసరా తీయకూడదు.

నిబంధనలు

2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం ప్లాటు 1,000 చదరపు మీటర్ల వరకు ఉంటే సెల్లార్ చుట్టూ కనీసం 1.5 మీటర్లు, 2,000 వరకు 2 మీటర్లు, అంతకు మించితే 3 మీటర్లు వదలాలి. అదనపు సెల్లార్ ఒక్కోదానికి మరో అర మీటరు కలుస్తుంది. తవ్వకాల భద్రతపై ఐఎస్ 3764 ప్రమాణం ఉంది. 1.5 మీటర్లు దాటిన కందకానికి ఆసరా గానీ, తగిన వాలు గానీ ఉండాలని, తవ్విన మట్టిని అంచున కుప్ప పోయొద్దని అది చెబుతుంది.

పక్కింటివాళ్లు గమనించాల్సినవి

తవ్వకం మొదలవకముందే గోడలు, నేల ఫొటోలు తేదీతో తీసిపెట్టుకోవాలి. రేపు నష్టపరిహారం అడగాల్సి వస్తే అవే రుజువు. అంచుకు సమాంతరంగా నేలపై పగుళ్లు, ఒరుగుతున్న ప్రహరీ, ఉన్నట్టుండి బిగుసుకుపోయిన తలుపులు, గుంతలోకి ఊరుతున్న నీరు ప్రమాద సూచనలు. వెంటనే పిల్లాపెద్దలతో ఆ వైపు ఖాళీ చేసి, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

మట్టి కూలితే కాపాడాలని ఎవరూ గుంతలోకి దూకొద్దు. మిగిలిన మట్టి కూడా కూలే ప్రమాదముంది. 112కు, 108కి ఫోన్ చేసి, లోపల ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పాలి.

కూలీలకు హక్కు

18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. అడ్డా మీద నిలబడే కూలీకీ ఇది వర్తిస్తుంది. ఇంట్లో అలాంటివాళ్లుంటే కార్డు ఉందో లేదో ఈరోజే అడిగి చూడండి.