కిల్లారి భూకంపం: పునర్నిర్మాణానికి ముందూ తరువాతా ఇంటి గోడ

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మరఠ్వాడాలోని కిల్లారి ప్రాంతంలో 6.2 పరిమాణంతో భూకంపం సంభవించింది. గణేశ నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రిస్తున్న వేళ అది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 8 వేల మంది మరణించారు. పరిమాణం 6 దాటిన భూకంపాలు ప్రపంచంలో ఏటా నూటికి పైగా నమోదవుతాయి. కనుక ఇంతటి ప్రాణనష్టానికి కారణాన్ని భూగర్భంలో కంటే ఇంటి గోడలో వెదకడమే సమంజసం.

1970 నాటి భూకంప మండలాల పటంలో ఈ ప్రాంతం అత్యల్ప ప్రమాదాన్ని సూచించే ఒకటవ మండలంలో ఉండేది. దక్కన్ పీఠభూమి కదలనిదన్న విశ్వాసాన్ని 1967 నాటి కోయ్‌నా భూకంపమే దెబ్బతీసింది. అయినా కోయ్‌నా పరిసరాల స్థాయిని పెంచి, మిగిలిన పీఠభూమిని చాలావరకు యథాతథంగా ఉంచారు. గత భూకంపాల నమోదు లేకపోవడాన్నే ప్రమాదం లేకపోవడంగా గ్రహించిన పద్ధతి ఇది. 1992 అక్టోబర్‌లో కిల్లారిలో ప్రకంపనలు వచ్చినా పటం మారలేదు.

ఇక ఇళ్లు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఈ నేలలో సంపన్న గృహమంటే రాతిగోడల మట్టి మిద్దె. రాయలసీమ వాసులకు సుపరిచితమైన రూపమే. రెండు మూడు అడుగుల మందం గల గోడను లోపలి వరుస, వెలుపలి వరుసగా పేర్చి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ నింపేవారు. రెండు వరుసలనూ కలిపే పొడవాటి రాయి అరుదు. పైకప్పు మీద ఎండకూ వానకూ అడ్డుగా పరచిన మట్టి ఏళ్లు గడిచేకొద్దీ మందమయ్యేది. భూమి కదలగానే వరుసలు విడిపోయి, కప్పు బరువంతా నిద్రిస్తున్నవారిపై పడింది. కర్ర స్తంభాలు కప్పును మోసిన ఇళ్లలో గోడలు కూలినా కప్పు నిలిచిన ఉదాహరణలున్నాయి. నిరుపేదల పూరిగుడిసెలు చాలావరకు ప్రాణాలు తీయలేదు.

ఈ పరిశీలన నుండి రెండు భిన్న నిర్ణయాలు వెలువడ్డాయి. ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో సాగిన పునర్నిర్మాణంలో 52 గ్రామాలను పూర్తిగా కొత్త స్థలాలకు తరలించారు. అక్కడ సిమెంటు, కాంక్రీటు ప్రధానమయ్యాయి. తక్కువ దెబ్బతిన్న గ్రామాల్లో మాత్రం పాత ఇళ్లనే బలపరిచే మార్గం అవలంబించారు: కప్పు మీది మట్టి తగ్గించడం, గోడకు అడ్డంగా బంధనరాళ్లు చొప్పించడం, స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలు ఊతకర్రలు బిగించడం. ఖర్చు స్వల్పమైన ఈ రెండవ మార్గానికి దక్కవలసినంత ఆదరణ దక్కలేదు. లోపం రాతిది కాదు, రాళ్లను కలపని పనితనానిదన్న విషయం భయాక్రాంతులైన జనానికి రుచించలేదు, అది సహజమే.

2002లో సవరించిన పటం లాతూర్ ప్రాంతాన్ని మూడవ మండలంలో చేర్చింది. కొత్త గ్రామాల్లోని ఇళ్లు రైతు కుటుంబపు అవసరాలకు చాలలేదు. పశువులకూ ధాన్యానికీ వంటకూ చోటు కోసం కొందరు వాటికి ఆనించి గదులు కట్టుకున్నారు, పాత పద్ధతిలోనే, మట్టితో పేర్చిన రాతిగోడలతో.