తెరకు మాట నేర్పినవాళ్లు

చూపులేని ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టిన పని సంగీతకారులకు స్టూడియో తలుపు ఎలా తెరిచిందో చెప్పే యథార్థ గాథ

ఆస్ట్రేలియాలో చూపులేని పిల్లల కోసం నడిచే ఓ సంగీత శిబిరం. మైకేల్ కరన్, జేమ్స్ టే చిన్నతనంలో కలుసుకున్నది అక్కడే. ఇద్దరికీ చూపు లేదు, ఇద్దరికీ సంగీతమంటే ప్రాణం. మాటలు కలిసేసరికి కంప్యూటర్ పిచ్చి కూడా ఇద్దరికీ ఉందని తేలింది. ఆ స్నేహం పెద్దయ్యాకా తెగలేదు.

వాళ్లు యువకులయ్యేనాటికి చూపులేనివాళ్లు కంప్యూటర్ వాడాలంటే తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. స్క్రీన్ రీడర్ అనే ఆ సాఫ్ట్‌వేర్‌లో పేరున్నదాని ధర చాలాసార్లు కంప్యూటర్ ధరనే మించిపోయేది. కళ్లున్నవాడు ఒకసారి కొంటే సరిపోయే యంత్రాన్ని చూపులేనివాడు రెండుసార్లు కొన్నట్టు. ఇది న్యాయం కాదనుకున్నాడు మైకేల్. 2006 ఏప్రిల్‌లో తానే కోడ్ రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ తోడయ్యాడు. అలా పుట్టిందే ఎన్‌వీడీఏ. పైసా కట్టక్కర్లేదు, కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఇవాళ అది 50కి పైగా భాషల్లో పనిచేస్తోంది. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ డడింగ్టన్ తయారుచేసిన ఈస్పీక్ అనే గొంతు దానికి తోడుగా ఉంది. ఆ గొంతు తెలుగూ చదువుతుంది. యంత్రపు యాస ఉంటుంది గానీ, అలవాటైతే పని ఆగదు.

అయితే ఉత్తరం చదవడం వేరు, పాట రికార్డు చేయడం వేరు.

వాద్యం చూపులేనివాడి దగ్గర ఏదీ దాచుకోదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చిన్ననాటి నుంచీ చూపు మందం. అయినా 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ అధ్యాపకుడయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. తీగ ఎక్కడ నొక్కాలో వేలికి తెలుస్తుంది, శ్రుతి కలిసిందో లేదో చెవికి తెలుస్తుంది. పాత స్టూడియోల్లోని మిక్సర్ బల్ల కూడా అలాంటిదే. ఏ మీట ఎక్కడుందో చెయ్యి గుర్తుపెట్టుకునేది. ఎప్పుడైతే స్టూడియో మొత్తం కంప్యూటర్ తెర మీదికి వెళ్లిందో, అప్పుడు చేతికి తగిలేవన్నీ బొమ్మలైపోయాయి.

చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. స్క్రీన్ రీడర్ తెరను ‘చూడదు’. ఇది బటన్, దీని పేరు ఇది, ఇప్పుడు ఆన్‌లో ఉంది అని సాఫ్ట్‌వేర్ లోపల రాసిపెడితే, దాన్ని చదివి చెబుతుంది. సంగీత సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్లు చాలామంది అందం కోసం మీటలనూ మీటర్లనూ సొంతంగా బొమ్మల్లా గీసేశారు, పేర్లు రాయలేదు. స్క్రీన్ రీడర్ మూగబోయింది. ప్రపంచంలో చాలా స్టూడియోలు వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్, పాత మ్యాకింటోష్‌ల మీద చూపులేని ఇంజినీర్లకు పలికేది. మ్యాకింటోష్‌లు కొత్త ఓఎస్ ఎక్స్‌కు మారాక ఆ దారి మూసుకుపోయింది. న్యూయార్క్‌లో స్టూడియో నడిపే చూపులేని నిర్మాత స్లౌ హలాటిన్ వంటివాళ్లు ఏళ్ల తరబడి కంపెనీ వెంటపడితేగానీ మళ్లీ తెరుచుకోలేదు.

జేమ్స్ టే మరో దారి పట్టాడు. ఒకప్పుడు మన నెట్ సెంటర్లన్నింటా పాటలు వినిపించిన వినాంప్ గుర్తుందా? దాన్ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చేశాడు. వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. అందులో దాదాపు ప్రతి పనికీ కీబోర్డు మీట పెట్టుకోవచ్చు, బయటివాళ్లు అదనపు భాగాలు రాసి కలపొచ్చు. జేమ్స్‌కు ఆ సందు చాలింది. రీపర్ లోపల జరుగుతున్నదాన్ని స్క్రీన్ రీడర్‌కు అందించే ఒసారా అనే భాగం రాశాడు. అదీ ఉచితమే. చూపులేని సంగీతకారులు మరికొందరు వచ్చి చేయి కలిపారు.

దానితో పని ఎలా నడుస్తుందో మన దగ్గరే ఊహించి చూద్దాం. పాలమూరు ప్రాంతంలోని కల్వకుర్తి. గోడలకు దుప్పట్లు కట్టిన ఓ చిన్న గది. పాడేదీ రికార్డు చేసేదీ చూపులేని ఒకే మనిషి అనుకుందాం. ఒసారా లేని రోజుల్లో పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. “అన్నా, ఎర్రగీత తాకుతోంది, జర దూరం జరుగు” అని వాళ్లు చెబితేనే గొంతు పగులుతోందని తెలిసేది. వాళ్లు రాని రోజు పాట లేదు. ఇప్పుడు పైబాణం, కిందబాణం నొక్కుతుంటే ఇది డప్పు, ఇది హార్మోనియం, ఇది గొంతు అని తాను పెట్టుకున్న పేర్లే చెవిలో పలుకుతాయి. ఎఫ్7 నొక్కితే గొంతు ట్రాక్ రికార్డింగ్‌కు సిద్ధం. ఎఫ్6 నొక్కితే డప్పు ఒక్కటే వినిపిస్తుంది, ఎఫ్5 నొక్కితే అది నోరు మూస్తుంది. పీక్ వాచర్ అనే సదుపాయం శబ్దం ఎన్ని డెసిబెళ్లకు ఎగిరిందో అంకెల్లో చెబుతుంది. ధ్వనిని తీర్చే ప్లగిన్లలో బొమ్మలుగా గీసిన మీటల్లో చాలావాటిని ఒసారా వరుస జాబితాగా మార్చి పేరు, విలువ చదువుతుంది. ఎర్రగీత చూడటానికి ఇంకెవరి దయ కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

చిన్నవాళ్లు తెరిచిన దారిలోకి పెద్ద కంపెనీలూ వచ్చాయి. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కంప్లీట్ కంట్రోల్ ఎస్ సిరీస్ కీబోర్డుల్లో మాట్లాడే ఏర్పాటు ఆన్ చేసుకుంటే, మీట మీద వేలు పెట్టగానే అది దేనిదో కంప్యూటర్ పలుకుతుంది. 2024 మార్చిలో వచ్చిన సంగీత సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్ 12 స్క్రీన్ రీడర్లతో పనిచేయడం మొదలుపెట్టింది. చూపులేనివాళ్లు అడగ్గా అడగ్గా వచ్చిన మార్పు ఇది. ఇలా అడగడం కొత్త కాదు. 1982లో చూపులేని గాయకుడు స్టీవీ వండర్ అడిగిన ప్రశ్న నుంచే ఆవిష్కర్త రే కర్జ్‌వైల్ సంగీత వాద్యాల తయారీలోకి దిగాడు. రెండేళ్లకు, 1984లో, కర్జ్‌వైల్ 250 అనే కీబోర్డు వచ్చింది. వాడేవాడు తయారీలో పాలుపంచుకున్న చోట పని కుదిరింది. అతన్ని బయట నిలబెట్టిన చోట కోట్లు పెట్టి చేసిన సాఫ్ట్‌వేర్ కూడా మూగదే అయింది.

మన చట్టమూ చూపులేనివాళ్లను బయట నిలబెట్టొద్దంటోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ రోజువారీ వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు అందరూ వాడుకోగలిగే డిజైన్‌లో అందేలా చూడాలంటోంది. చట్టం పుస్తకంలో ఉంది. దాన్ని గదిలోకి తెచ్చే పని మిగిలింది.

పాలమూరు గడ్డ మీద చూపులేని గాయకుడంటే మనకు భజన మండలి హార్మోనియం గుర్తొస్తుంది, బస్సులో పాడి చేయి చాచే మనిషి గుర్తొస్తాడు. ఆ గొంతును రికార్డు చేసేది ఇంకొకరు, దానికి పేరు పెట్టేది ఇంకొకరు, లాభం చూసేది ఇంకొకరు. రికార్డింగ్ తన చేతిలోకి వస్తే దాని మీద హక్కు కూడా తన దగ్గరికే వస్తుంది. అందుకే ఇది సౌకర్యం గురించిన మాట కాదు, జీవనోపాధి గురించిన మాట.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఓ మామూలు ల్యాప్‌టాప్, ఓ మైకు, ఓ ఆడియో ఇంటర్‌ఫేస్, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఒసారా, తక్కువ ధర రీపర్. వీటన్నింటికంటే ముందు కావలసింది తెలుగులో ఓపిగ్గా నేర్పే మనిషి. అంధుల పాఠశాలల్లో సంగీతం పీరియడ్ ఉన్న చోట దీన్నీ చేర్చాలి. కల్వకుర్తిలాంటి ఊళ్లలో డిగ్రీ కాలేజీ ల్యాబ్ సెలవు రోజున ఖాళీగానే ఉంటుంది, అక్కడ మొదలుపెట్టొచ్చు. తెలుగు కుర్రాళ్లు ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. వాళ్లు గీసే ప్రతి బటన్‌కూ లోపల ఓ పేరు రాస్తే చాలు. ఆ చిన్న పని మరిచిపోతే, పాటున్న మనిషి గడప బయటే నిలబడిపోతాడు.