పానీ హక్ సమితి కేసు

ముంబయి మురికివాడల్లో తాగునీటి కోసం బొంబాయి హైకోర్టులో నడిచిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఇది. పానీ హక్ (నీటి హక్కు) సమితి అనే సంస్థ 2012లో వేసిన ఈ కేసులో 2014 డిసెంబరు 15న న్యాయమూర్తులు ఎ.ఎస్. ఓకా, ఎ.ఎస్. గడ్కరీల ధర్మాసనం తీర్పు చెప్పింది. గుడిసె అక్రమమా, సక్రమమా అన్నది ఒక తగువు. అందులో ఉన్న మనిషికి నీళ్లివ్వడం వేరే సంగతి. ఆ రెంటినీ విడదీయడమే ఈ తీర్పు గొప్పతనం.

1995 జనవరి 1 తర్వాత వేసుకున్న అక్రమ గుడిసెలకు నీటి కనెక్షన్ ఇవ్వవద్దని మహారాష్ట్ర ప్రభుత్వం 1996లో సర్క్యులర్ జారీచేసింది. ఆ తేదీకి ముందునుంచీ ఉంటున్నట్టు కాగితం చూపలేని కుటుంబానికి, వీధిలోంచే పైపు వెళ్తున్నా కుళాయి దక్కేది కాదు. వాళ్లు పక్కింటివాళ్ల దగ్గరో, ట్యాంకరు దగ్గరో డబ్బాల లెక్కన కొనుక్కునేవారు. లీటరుకు లెక్కకడితే అది అపార్టుమెంట్లవాళ్లు కట్టే బిల్లుకు ఎన్నో రెట్లు. ఊళ్లో అందరికన్నా పేదవాడే నీళ్లకు అందరికన్నా ఎక్కువ పెట్టడం దారుణం.

నీళ్లిస్తే ఆక్రమణలు పెరుగుతాయని ప్రభుత్వం వాదించింది. రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో నీరూ భాగమేనని, గుడిసె అక్రమమైనా ఆ హక్కు పోదని కోర్టు చెప్పింది. (హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర నూనె పరిశ్రమ పెట్టడంపై వచ్చిన కేసులో తాగునీటి హక్కును సుప్రీంకోర్టు 2000లోనే గుర్తించింది.) అయితే చట్టబద్ధంగా ఉంటున్నవారితో సమానంగా ఇవ్వనక్కర్లేదని, వీధి కుళాయిలు పెట్టవచ్చని, రేటు ఎక్కువైనా వసూలు చేయవచ్చని కూడా అంది. ఉన్న బీదరికం మీద ఇది అదనపు భారం.

నీరిచ్చే విధానం తయారు చేయమని నగరపాలక సంస్థకు కోర్టు ఇచ్చిన ఆదేశం అమలుకు రావడానికి ఏళ్లు పట్టింది. నగరపాలక సంస్థ 2017లో తెచ్చిన విధానంలో ఫుట్‌పాత్‌లపై ఉండేవారికి చోటు దక్కలేదు; కేంద్ర ప్రభుత్వ స్థలాల్లో ఉన్నవారికి సంబంధిత శాఖ అనుమతి కావాలన్నారు. 'అందరికీ నీరు' పేరుతో 2022 మేలో మరో విధానం వచ్చింది. తీర్పు ప్రతి చేతబట్టుకుని వార్డు ఆఫీసుల్లో దరఖాస్తులు పెట్టిన బస్తీవాసులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ హక్కును కాగితం మీది నుంచి కుళాయి దాకా తెచ్చుకోవాల్సి వచ్చింది.