ద్వీపమెక్కి వచ్చిన బొగ్గు

మా గోదావరిఖని వయసెంతని అడిగితే ఎవరైనా బొగ్గు బాయి లెక్కే చెప్తారు. 1960ల మొదట్లో జనగామ పొలాల పక్కన ఇంక్లైన్లు దిగాయి, కార్మికులు వచ్చారు, కాలనీలు లేచాయి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల బీ థర్మల్, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్. ఈ కథ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. దీనికి ముందరి కథే ఎవరూ చెప్పరు.

బొగ్గు పొర మీద బూడిదరంగు షేల్ రాయి పలకలు పలకలుగా ఊడివస్తుంది. పలక విప్పితే ఒక్కోసారి లోపల ఆకు అచ్చు ఉంటుంది. మామిడాకు లాంటి ఆకు. నడుమ గట్టి ఈనె, అటూ ఇటూ సన్నని ఈనెలు ఒకదానితో ఒకటి కలుసుకుంటూ అంచుదాకా పోతాయి. అది గ్లోసోప్టెరిస్. 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి అది. ఆ అడవే బురదలో అణిగి మన బొగ్గయింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలోనూ ఈ ఆకే ఉంది. అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మనం, అందరిదీ అప్పుడు ఒక్కటే నేల, గోండ్వానా.

ఆ నేల చీలింది. సుమారు 9 కోట్ల ఏళ్ల కింద మడగాస్కర్ కూడా విడిపోయాక, మన భూభాగం చుట్టూ సముద్రమే మిగిలింది. ఆ ద్వీపం ఉష్ణమండలం మీదుగా ఉత్తరానికి సాగి, 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాను తాకింది. మన బొగ్గు అంత దూరమూ ఆ ద్వీపం కడుపులోనే వచ్చింది.

ద్వీపం కాకముందే ఇక్కడ పెద్ద జంతువులు తిరిగాయి. గోదావరికి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి రాళ్లలో మొసలిని పోలిన పారాసూకస్ దొరికింది. దానికి నేటి మొసలితో నేరుగా వంశ సంబంధం లేదు గానీ, అదే మూతి, అదే నీటి బతుకు. ఇప్పటికీ మంథని దగ్గర శివారం అభయారణ్యంలో గోదావరి మడుగుల్లో మొసళ్లున్నాయి. ఆ నదిని చూసినప్పుడల్లా నాకు మలేరి గుర్తొస్తుంది.

మలేరి కంటే పై రాళ్లలో డైనోసార్లు దొరికాయి. బరాపాసారస్ ఎముకల గూడు కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడింది. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. చూడాలంటే మన పిల్లలు అంత దూరం పోవాలి.

పాతకాలపు నదులు ఇసుక పరచి ఆ గ్లోసోప్టెరిస్ అడవిని పూడ్చాయి. బొగ్గు తీసిన ఖాళీని పూడ్చడానికి బాయిల్లోకి మళ్లీ గోదావరి ఇసుకనే పంపారు. ఆకు పలకలు మాత్రం ఓపెన్‌కాస్టుల్లో పేలుడుకు ముక్కలై, ఓబీ (బొగ్గు మీది మట్టి, రాయి) కుప్పల్లో కలిసిపోతున్నాయి. డైనోసార్లు ఎలాగూ ఊరు దాటిపోయాయి, ఈ ఆకులనైనా నిలుపుకోవాలి. గోదావరిఖనిలో ఒక్క గది చాలు. ఏ బాయి, ఏ పొర, ఎంత లోతు అని చీటీ రాసి ప్రతి పలకనూ అందులో ఉంచాలి.