వేలిముద్ర చరిత్ర: పోలీసు రిజిస్టరు నుంచి గ్రామ సచివాలయం దాకా

ప్రభుత్వం మన పెద్దల వేలిముద్రలు తీసుకోవడం ఆధార్‌తో మొదలు కాలేదు. దాని వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఫోను, నెట్టు, ఆన్‌లైన్ సేవల్లో మన తండాలు, ఎరుకల పేటలు, యానాది కాలనీలు ఎందుకు వెనకబడ్డాయో తెలియాలంటే యువత ఆ చరిత్ర కూడా చదవాలి.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసింది. గుంటూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. నేరం చేశాడా లేదా అన్నది కాదు, ఏ తెగలో పుట్టాడన్నదే లెక్క. రిజిస్టరులో పేరెక్కిన మనిషి చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. అధికారి ఎప్పుడు అడిగితే అప్పుడు వేలిముద్ర ఇవ్వాలి.

మన ప్రాంతంలో ఈ బరువును ఎక్కువగా మోసింది ఎరుకలవారు. ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న జాతి అది. రైళ్లు వచ్చాక ఆ బేరం పోయింది. తిరుగుడే అనుమానమైంది. 1910ల్లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. అక్కడివాళ్లలో చాలామంది చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో కూలికి వెళ్లారు. మనిషి ఎక్కడున్నాడో సర్కారుకు తెలుసు. సర్కారు దగ్గర తన గురించి ఏం రాసి ఉందో మాత్రం ఆ మనిషికి తెలియదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. యానాదుల కోసం జీవితాంతం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య ఈ పోరాటంలో ముందున్నారు. చట్టం పోయినా కాగితం మీద పేరు పడితే ఏమవుతుందోనన్న జంకు ఇళ్లలో ఉండిపోయింది. అనుమతి లేకుండా కదలకూడదన్న తరం తన పిల్లలకు సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం ఎలా నేర్పుతుంది?

ఇప్పుడు కాలం తిరగబడింది. అప్పుడు వేలిముద్ర మనిషిని కట్టేసింది. ఇప్పుడు అది పడకపోతే బియ్యం రావు. దేశంలో తొలి ఆధార్ కార్డులు 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ అనే గిరిజన గ్రామంలోనే ఇచ్చారు. మన పల్నాడు, ప్రకాశం పొలాల్లో మిరపకాయలు కోసి, పత్తి తీసి అరిగిన వేళ్లను మిషను గుర్తుపట్టని సందర్భాలున్నాయి. అలాంటివారికి వేరే గుర్తింపుతోనైనా లబ్ధి అందాలని 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఈ మాట డిపో దగ్గర నిలబడిన అవ్వకు తెలియాలి కదా!

స్థానిక ప్రభుత్వం అవసరం ఇక్కడే. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఒక్కోదానిలో డిజిటల్ అసిస్టెంట్‌ను పెట్టారు. 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ వచ్చింది. మంచిదే. కాని ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది కూలికి పోయినవాడి జేబులో ఉంటే ఆ సేవ ఆ ఇంటికి అందనట్టే.

కేరళ ఈ పని ఎలా చేసిందో చూడండి. 2002లో మలప్పురం జిల్లాలో ‘అక్షయ’ పథకం మొదలైంది. ఇంటికి ఒకరికైనా కంప్యూటరు వాడకం నేర్పాలన్నది లక్ష్యం. ఆ పనిని పంచాయతీలు భుజాన వేసుకున్నాయి. యంత్రం ఇచ్చి ఊరుకోలేదు, మనిషికి నేర్పారు.

మన పంచాయతీలు చేయగలిగినవి కూడా ఉన్నాయి. కోతల కాలంలో కుటుంబాలు కల్లాల దగ్గరే ఉంటాయి. డిజిటల్ అసిస్టెంట్ నెలకో రోజు అక్కడికే రావచ్చు. సాయంత్రాలు పంచాయతీ భవనంలోనో బడిలోనో పిల్లలకు నెట్టు, కంప్యూటరు అందుబాటులో ఉంచవచ్చు. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ అడగకుండానే నమోదు చేయవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి మొదలు ఆధార్ దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ కాగితం లేని బిడ్డ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇవేవీ దయతో అడిగేవి కావు. గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించాల్సినవి. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గ్రామసభ జరిగే రోజు ముందే కనుక్కోండి. మీ కాలనీలో పుట్టిన సర్టిఫికెట్ లేని పిల్లలు, వేలిముద్ర పడని పెద్దలు ఎంతమందో రాసుకుని వెళ్లండి. ఒకనాడు మన పేర్లను పోలీసులు రాశారు. ఈసారి జాబితా మనమే రాద్దాం.