అట్టడుగు తాకడం (మద్యవ్యసన విముక్తి)

తాగుడుకు బానిసైన మనిషి ‘ఇక నా వల్ల కాదు’ అని తనకు తానుగా ఒప్పుకునే ఘట్టాన్ని అట్టడుగు తాకడం అంటారు. కోలుకోవడం అక్కడి నుంచే మొదలవుతుందన్న నమ్మకం తాగుడు మానినవాళ్లలో, వాళ్ల ఇళ్లలో బలంగా ఉంది. ఉద్యోగం ఊడటం, భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోవడం, రక్తపు వాంతులు, డ్రంకెన్ డ్రైవ్‌లో జైలు, ఇలా ఏదైనా ఈ ఘట్టానికి దారితీయవచ్చు. లోతు మాత్రం అందరికీ ఒకటి కాదు. ఒకరికి కాలేయం పాడైతే గానీ తెలిసిరాదు. మరొకరికి బిడ్డ స్కూలు ఫీజు తెచ్చి వైన్స్‌లో ఇచ్చేశానన్న సిగ్గు చాలు.

భావన పుట్టుక

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) ద్వారా ఈ మాట లోకమంతా పాకింది. మద్యం ముందు తాము అశక్తులమని, బతుకు చేయిదాటిపోయిందని ఒప్పుకోవడం ఏఏ 12 మెట్లలో మొదటిది. 1946లో మద్యవ్యసన పరిశోధకుడు ఇ.ఎం. జెల్లినెక్ ఏఏ సభ్యులు నింపి పంపిన 98 ప్రశ్నావళుల ఆధారంగా వ్యసనం ఏ వరసలో ముదురుతుందో వివరించాడు. తర్వాత బ్రిటన్ వైద్యుడు మ్యాక్స్ గ్లాట్ దానికి కోలుకునే దారిని కూడా జోడించి గీసిన వంపుగీత ప్రసిద్ధికెక్కింది. ఎడమవైపు జారుడు, కుడివైపు ఎక్కుడు, నడుమ అట్టడుగు.

ఆ బొమ్మ చూసినవాళ్లకు కిందకంటా పడితే తప్ప పైకి రాలేమనిపిస్తుంది. కానీ జెల్లినెక్‌కు జవాబు రాసినవాళ్లంతా బతికి బయటపడ్డవాళ్లే. పడ్డచోటే ప్రాణం వదిలినవాళ్లు ఆ కాగితాలు నింపలేదు. ఏఏ కూడా ఈ ప్రమాదాన్ని త్వరగానే గుర్తించింది. తొలినాళ్లలో సర్వం పోగొట్టుకున్నవాళ్లే చేరేవారు. తర్వాత ఉద్యోగం, ఇల్లు ఇంకా నిలిచి ఉన్నవాళ్లూ రావడంతో, అంత లోతుకు పోకముందే అడుగును పైకి తెచ్చి చూపడం సాధ్యమేనని ఏఏ 1953లో అచ్చువేసిన తన పుస్తకంలోనే రాసుకుంది.

అలా చూపే పని ఏఏ సమావేశాల్లో జరుగుతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లోనూ ఇవి నడుస్తున్నాయి. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు లేచి పేరు చెప్పి, తానొక తాగుబోతునని పలికి, మందు తన ఇంటిని ఏం చేసిందో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహా ఇవ్వరు. మొదటిసారి వచ్చిన మనిషికి తాను భార్య దగ్గర కూడా దాచిన సంగతి అవతలివాళ్ల నోట వినబడుతుంది.

సికింద్రాబాద్‌లో

1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన ఈ ఊరు దండుతో పుట్టింది, రైల్వేతో పెరిగింది. ఇక్కడ మిలిటరీ క్యాంటీన్ కోటా రమ్ము, పర్మిట్ రూమ్ ఉన్న వైన్స్, కల్లు కాంపౌండ్ మూడూ ఉన్నాయి. జంట నగరాల్లో 2004లో మూయించిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. కల్తీ కల్లులో కలిపే డైజిపామ్, ఆల్ప్రజోలమ్‌లకు కూడా ఒళ్లు అలవాటు పడుతుంది కాబట్టి కల్లు తాగేవారికి మానడం ఇంకా కష్టం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడి దుకాణాలు మూతబడినప్పుడు వేలమందికి మందు ఒక్కరోజులో ఆగిపోయింది. ‘రేపటి నుంచి బంద్’ అని ఏళ్లుగా అంటున్నవాళ్లకు ఆ రేపు చెప్పకుండా వచ్చింది. కొద్దిరోజుల్లోనే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ ఇలాంటివాళ్లతో నిండిపోయింది. చేతులు వణుకుతూ, నిద్రలేక, లేని మనుషులతో మాట్లాడుతూ వచ్చారు. కొందరు ఫిట్స్‌తో వచ్చారు. రాష్ట్రంలో ఆత్మహత్యలూ జరిగాయి. మే 6న దుకాణాలు తెరవగానే క్యూలు కట్టారు. మందు దొరకకపోవడం వేరు, మనసు మారడం వేరు అని ఆ ఆరు వారాలు ఊరంతటికీ చూపించాయి.

రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు డెలీరియం ట్రెమెన్స్ ముంచుకొస్తే మనిషికి తానెక్కడున్నాడో తెలియదు, ఒంటిమీద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే డాక్టర్లు క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ముదిరిన తాగుబోతు అయ్యప్ప మాల వేసుకునే రోజున కూడా ఈ జాగ్రత్త అవసరం. 41 రోజుల దీక్ష చాలామందిని మందుకు దూరంగా ఉంచుతుంది. మాల తీసిన సాయంత్రానికి తోడు ఎవరుంటారన్నదే అసలు చిక్కు.

ఇంటివాళ్ల పాత్ర

‘వాడే అనుభవించి తెలుసుకుంటాడు, వదిలెయ్’ అన్న సలహా మన ఇళ్లలో మామూలే. దాని మూల్యం ఎక్కువగా భార్యలే చెల్లిస్తున్నారు. అమెరికాలో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనం ఈ సలహాను నిలబడనివ్వదు. తాగని పూట ఆదరించడం, తాగి చేసిన నష్టాన్ని కప్పిపుచ్చకపోవడం, మనిషి మెత్తబడిన గంట చూసి చికిత్స మాట ఎత్తడం నేర్పిన కుటుంబాల్లో 64 శాతం తమవాళ్లను చికిత్సకు తేగలిగాయి. అందరూ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతం, కుటుంబ సభ్యుల సంఘం ఆల్-అనాన్ పద్ధతిలో 13 శాతం. ఆల్-అనాన్ అసలు ఉద్దేశం ఇంటివాళ్లకు ఊరట కాబట్టి, ఆ చివరి అంకెను దాని వైఫల్యంగా చదవడం న్యాయం కాదు.

తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రను తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం మాత్రం ఎవరూ చేయకూడదు. దాని మీద మద్యం పడితే రక్తపోటు కుప్పకూలవచ్చు.

ఎయిమ్స్ నిపుణుల సర్వే (2019) ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైనవాళ్లు సుమారు 2.9 కోట్లు. వారిలో ఏదో ఒక చికిత్స అందుతున్నది 38 మందిలో ఒకరికే. 14446 జాతీయ హెల్ప్‌లైన్ ఉచితం. సికింద్రాబాద్ వాళ్లకు గాంధీ ఆసుపత్రి, ఎర్రగడ్డ రెండూ అందుబాటులో ఉన్నాయి. ఓపీలో చివరిసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత, కల్లు కూడా ఉందా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అన్నవి ఇంటివాళ్లు ముందే చెబితే మొదటి రాత్రి క్షేమంగా గడుస్తుంది.