గౌతమీ తీరమున సైకిలు బాటలు

క్రొత్తవారెవరైన మా యానామునకు త్రోవ అడిగినప్పుడు, పూర్వము గోదావరి మండలపు పెద్దలు "గట్టు పట్టుకుని వెళ్ళిపోండి బాబూ" అని ఒక్క మాటతో సరిపెట్టెడివారు. ఆ మాటలో మా సీమ చరిత్ర యంతయు ఇమిడియున్నది. ఇతర ప్రాంతములందు మొదట బాట పుట్టి, దాని వెంట ఊళ్ళు వెలయుట కలదు. డెల్టాలో అట్లు కాదు. ఇచ్చట మొదట నీరు, నీటిని నిలువరించుటకు గట్టు, ఆ గట్టు నెత్తిమీద బాట. ఆ బాటమీద సామాన్యునకు దక్కిన మొదటి సొంత వాహనము సైకిలు. రాజుల దండయాత్రలను గూర్చి, దొరల కోటలను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. గౌతమి గట్టున సైకిళ్ళు నడచిన కథను వ్రాసినవారు అరుదు. నలుబది యేండ్లు ఆ బాటలలో తిరిగిన గుమాస్తాను గనుక, తెలిసినంత మట్టుకు విన్నవించుచున్నాను.

ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు ప్రధాన శాఖలుగా చీలును. ఆ రెంటి నడుమ నున్నది కోనసీమ. గౌతమి యెడమ గట్టున, సముద్రమునకు చేరువలో ఉన్నది యానాము. 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని ప్రారంభించెను. 1852 నాటికి అది పూర్తియయ్యెను. 1982 నాటికి దాని స్థానమున నేటి బ్యారేజి సిద్ధమైనది. ఆనకట్టతో కాలువలు, కాలువలతో లాకులు, కాలువగట్లు వచ్చినవి. వరద పొలములపై పడకుండ ఏటిగట్లు బలపడినవి. ఇవేవియు బాటలుగా కట్టినవి కావు. కాని మాది బంకమన్ను నేల. వానకాలమున చేలగట్లపై సైకిలు నడిపినచో ఆ మన్ను చక్రమునకును మడ్గార్డునకును నడుమ బిగిసిపోవును. పుల్లతో గీకి తీసినగాని చక్రము తిరుగదు. ఎత్తైన ఏటిగట్టుపై నీరు నిలువదు. అందుచేత నీటికై కట్టిన గట్టు క్రమముగా మనుష్యులకు రాజమార్గమైనది.

స్వాతంత్ర్యమునకు పూర్వము మంచి సైకిళ్ళు ఇంగ్లండునుండి దిగుమతి యగుచుండెను. ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. పేర్లు పల్లెలలో సైతము మారుమ్రోగుచుండెను గాని, కొనగలవారు కొలదిమంది. 1949లో మదరాసు చెంత అంబత్తూరు కేంద్రముగా టి.ఐ. సైకిళ్ళ సంస్థ, 1951లో సోనీపట్టున అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు వెలసిన పిమ్మట స్వదేశపు సైకిలు రైతు వాకిటికి వచ్చినది. పెండ్లిలో అల్లునికి గడియారముతోపాటు సైకిలు పెట్టుట మర్యాదయైనది. కొనలేనివారికి ప్రతి పెద్దవూరిలోను గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చు దుకాణము ఉండెడిది. పాలకేనులు, చేపల గంపలు, కొబ్బరికాయల గోతములు, బట్టల మూటలు, ముందు కమ్మీపై కూర్చుండబెట్టిన పిల్లవాడు, అన్నియు ఆ రెండు చక్రములపై గట్టు వెంబడి నడచినవే. వరదనాళ్ళలో గట్టుకు ఎక్కడ చెమ్మ ఊరుచున్నదో చూచుటకు లస్కర్లు లాంతరుతో తిరిగినదియు సైకిలుపైననే.

యానాము విషయమున ఈ బాటలకు మరియొక విశేషము కలదు. పదునెనిమిదవ శతాబ్దమునందు ఫ్రెంచివారి వర్తకస్థానమైన ఈ వూరు, నడుమ కొంతకాలము ఆంగ్లేయుల చేతికి చిక్కి మరల వారికే దక్కి, 1954 వరకు వారి యేలుబడిలోనే ఉండెను. ఉన్న నేల సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టును తెలుగుదేశమే, నడుమ సరిహద్దు. వియ్యములు, పొలములు, తిరునాళ్ళు అన్నియు ఆవలనే. మా తాతగారు నవ్వుచు "ఫ్రాన్సులో పెడలు త్రొక్కి ఇండియాలో చెమట తుడుచుకొనేవాళ్ళం" అనెడివారు. తిరిగివచ్చునప్పుడు సుంకపు చౌకీ కడ క్యారియరుపై మూట విప్పి చూపవలసియుండెను. బ్రిటిషు ఇండియాలో 1929 నాటి శారదా చట్టము 1930లో అమలులోనికి రాగా, ఆ చట్టమునకు వెరచినవారు బాల్యవివాహములు చేయుటకు యానామునకు తరలివచ్చిరి. అది మెచ్చదగిన ఆచారము కాదు. ఐనను ఒక గట్టు దిగి ఇంకొక గట్టు ఎక్కినంతనే న్యాయము మారిపోయిన వింత ఈ బాటలకు తెలియును. 1954 జూన్ 13న యానాములో ఫ్రెంచి పరిపాలన తొలగినది. ఆ నవంబరు 1న అధికారము భారత ప్రభుత్వమునకు సంక్రమించినది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియైనది. అప్పటినుండి పుదుచ్చేరిలో భాగమై, రాజధానికి సుమారు 870 కిలోమీటర్ల దూరమున, మేము తెలుగువారి నడుమనే కేంద్రపాలిత ప్రాంతపు తెలుగువారమై యున్నాము.

ఇక బాటల సంగతి. మొదటిది యెడమ గట్టు త్రోవ. ధవళేశ్వరమున బయలుదేరి, కడియపులంక పూలతోటల ప్రక్కగా జొన్నాడ చేరి, అటనుండి కపిలేశ్వరపురము, కోటిపల్లిల మీదుగా, ఒకనాడు తూర్పు ఇండియా కంపెనీవారి వర్తకశాల యున్న ఇంజరమును చూచి యానాము చేరవచ్చును. మొత్తము 70 కిలోమీటర్లకు అటునిటుగా నుండును. కుడివైపున గౌతమి, లంకలలో కూరతోటలు, ఎడమవైపున గట్టుకంటె పల్లమున వరిచేలు. కోటిపల్లికి కాకినాడనుండి వేసిన రైలుమార్గమును 1940లో యుద్ధావసరములకై ఊడదీసిరి. 2004లో గాని అది తిరిగి రాలేదు. ఆ అరువదినాలుగు సంవత్సరములు ఆ ప్రాంతపు బీదవానికి రైలుబండి సైకిలే.

రెండవది ఏరు దాటు త్రోవ. కోటిపల్లి రేవున పంటుపై సైకిలు ఎక్కించి ముక్తేశ్వరమున దిగుట ఒకటి. యానాము రేవున పడవ ఎక్కి ఎదుర్లంకలో దిగి, మురమళ్ళ, ముమ్మిడివరముల మీదుగా అమలాపురము చేరుట వేరొకటి. పడవలో సైకిలు నిలుపుట ఒక విద్య. హ్యాండిలు పట్టుకొని ఒడ్డునకు అడ్డముగా నిలువవలెను. లేనిచో దిగువేళ పెడలు ప్రక్కవాని పంచెకు చిక్కును. మూడవది కోరింగ, తాళ్ళరేవుల మీదుగా కాకినాడ పోవు సుమారు 30 కిలోమీటర్ల రోడ్డు. ఒకనాడు ఓడలు కట్టిన ఊళ్ళవి. మడ అడవుల గాలి ఆ రోడ్డున ఉప్పగా తగులును.

కొండ యన్నది లేని ఈ సీమలో సైకిలువానికి గాలియే కొండ. మధ్యాహ్నము దాటినంతనే సముద్రపు గాలి ఎదురు కొట్టును. అందుచే తూర్పునకు పోవువారు తెల్లవారుజామున బయలుదేరి, సాయంకాలము ఆ గాలినే వీపున తోడు చేసికొని తిరిగివచ్చెడివారు. ఈ లెక్క ఏ పుస్తకమునను లేదు, తండ్రి కొడుకునకు చెప్పినది.

ఈ బాటల విలువ నాకు పూర్తిగా తెలిసినది 1996లో. నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తుపాను తీరము దాటెను. యానామును, కోనసీమను అది నేలమట్టము చేసెను. ప్రాణములు కోల్పోయినవారు వెయ్యిమందికి మించిరి. మా అక్కగారి కాపురము ఆవలి ఒడ్డున, మురమళ్ళకు దాపున. తంతి లేదు, టెలిఫోను లేదు. మా అమ్మ రెండు దినములు అన్నము ముట్టలేదు. 8వ తేదీ ఉదయమున ఒక పడవవాడు సాహసింపగా, మా నాయనగారి పాత సైకిలుతో ఏరు దాటితిని. పది కిలోమీటర్లు మించని ఆ త్రోవకు ఐదు గంటలు పట్టినది. కొబ్బరిచెట్లు బాటకు అడ్డముగా వరుసలు తీర్చి పడియుండెను. ఆనాడు సైకిలు నన్ను మోసిన దూరముకంటె నేను సైకిలును మోసిన దూరమే ఎక్కువ. ఇంటి కప్పు లేదు. అక్కగారు పెరటిలో తడిసిన బియ్యము ఆరబోయుచున్నది. నన్ను చూచి ఏడువలేదు. "అమ్మతో చెప్పరా, ఇల్లు పోయింది గాని మేము పోలేదని" అన్నది.

తిరిగివచ్చుచుండగా ప్రతి ఊరి మొగదల జనము నన్ను ఆపిరి. "యానాంలో మా పిన్నిగారికి చెప్పు బాబూ, మేమున్నామని" అని ఒకరు, తమ్మునికి చెప్పుమని ఇంకొకరు. గుమాస్తాను గనుక జేబులో కలము, చిన్న పుస్తకము ఉన్నవి. రేవు చేరునప్పటికి 34 పేర్లు వ్రాసితిని. ఆ రాత్రి వీధి వీధి తిరిగి కబురు అందజేసితిని. నేను వచ్చితినని విని మా వాకిటికి వచ్చిన రెండు ఇండ్లవారు అడిగిన పేర్లు మాత్రము నా పుస్తకములో లేవు. వారికేమి చెప్పవలెనో తోచక తల వంచుకొని నిలిచితిని. ఆ పుస్తకము నేటికిని నాయొద్ద ఉన్నది.

2002లో యానాము ఎదుర్లంకల నడుమ వంతెన తెరచిరి. అది మహోపకారము. పురిటినొప్పులు పడు ఇల్లాలిని నడిరేయి పడవకై నిలుపవలసిన దుస్థితి తీరినది. 1986 ఆగస్టులో ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరదను చూచినవారు, ఆ పిమ్మట ఏటిగట్లను ఎత్తుచేసి పటిష్ఠపరచినందుకును సంతసింతురు. కాని వంతెనపై నిముషములలో దాటిపోవు మా పిల్లలు ఆవలి ఊళ్ళ పేర్లు మరచుచున్నారు. పేరు మరచినచోట చుట్టరికమును మరపునకు వచ్చును. లారీలు తిరుగు రోడ్డున సైకిలుకు చోటు తగ్గినది. ఉన్నంతలో గట్టుబాట ఇంకను మేలు.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందు తరతరములుగా స్థిరపడిన మన సోదరులకు నాదొక మనవి. మీ ఊరినుండి మీ పెద్దలు ఏ రేవున దిగి, ఏ గట్టున నడచి చుట్టములను చూచివచ్చిరో అడిగి వ్రాసియుంచుడు. దస్తావేజులలో ఆస్తులు మాత్రమే యుండును, చుట్టరికములు నడచిన త్రోవలు ఉండవు. వచ్చు సంక్రాంతికి నా మనుమని సైకిలుపై గట్టు వెంబడి కోటిపల్లి దాక తీసికొనిపోవ తలచితిని. మోకాళ్ళు సహకరించినంత దూరము నేను ముందు పోయెదను. అటుపైన వాడు పోవును.